గుడి లోపలే ఊరేగింపు

మా ఇంట్లో పరలోక జపం రెండు రకాలుగా వినపడేది. నాన్న "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ, మీ నామము పూజింపబడును గాక" అనేవాడు. అదే గదిలో, అదే సమయంలో అమ్మ "పరలోకమందున్న మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అనేది. నాన్న దేవుణ్ణి మీరు అంటాడు, అమ్మ నువ్వు అంటుంది. చిన్నప్పుడు నేను ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళది చెప్పేవాణ్ణి. నాన్నది ఫిరంగిపురం, తాతల నాటి నుంచి ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలికులు. అమ్మది గుంటూరు, లూథరన్ మిషన్ వాళ్ళు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారి గురించి మా అమ్మమ్మ నిన్న మొన్న చూసినట్టే చెప్పేది. పెళ్ళయినప్పుడు నాన్నమ్మ వాళ్ళు అమ్మను ఇటు మారమని చాలానే అడిగారట. అమ్మ మారలేదు. ఆదివారం నాన్న ఒక గుడికి, అమ్మ ఒక గుడికి, మధ్యలో నేను స్కూటర్ మీద నిలబడి.

2009 అక్టోబర్‌లో ఎమ్మెస్ కోసం నేను జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్తున్నానని చెప్పగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. తన సంఘానికి మూలపురుషుడైన లూథర్ పుట్టిన దేశం మరి. నాన్నకి మాత్రం టెన్షన్. "అక్కడ పూజ దొరుకుద్దా మనకి?" అన్నాడు. నేనేమో హాస్టల్ దొరుకుతుందా, డబ్బులు సరిపోతాయా అని చస్తున్నాను, ఈయనకి పూజ గోల.

తీరా వెళ్ళాక ఇద్దరి అంచనాలూ తప్పాయి. ఆ ఊళ్ళో చాలామందికి ఏ గుడీ లేదు. నలభై ఏళ్ళ కమ్యూనిస్టు తూర్పు జర్మనీ పాలన ముగిసి అప్పటికి ఇరవై ఏళ్ళే అయింది, మా క్లాసులో జర్మన్ కుర్రాళ్ళని మీదే చర్చి అని అడిగితే వింతగా చూసేవాళ్ళు. కథోలికులైతే నూటికి నలుగురో ఐదుగురో. అయినా ఊరి నడిబొడ్డున, ఎల్బె నది ఒడ్డున, రాజుగారి కోట పక్కన, అన్నిటికన్నా ఎదురుగా కనిపించే చోట ఉన్నది మాత్రం ఆర్‌సీఎం గుడే! మొత్తం సాక్సనీ రాష్ట్రంలోనే అంత పెద్ద చర్చి ఇంకోటి లేదు. అసలు పేరు పరమ పవిత్ర త్రిత్వ కథీడ్రల్. ఆ పేరుతో ఎవరూ పిలవరు. అందరికీ అది హోఫ్‌కిర్షె, అంటే ఆస్థానపు చర్చి. పలకాల్సింది వేరేలాగట గానీ సాక్సనీ యాసలో నా చెవికి కిర్షె అనే పడింది, అలాగే ఉండిపోయింది.

మొదటిసారి చూసినప్పుడు నచ్చలేదని ఒప్పుకోవాలి. థియేటర్ ప్లాట్జ్‌లో ట్రామ్ దిగాను, చిన్న వాన, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది. గోడలు మసి పట్టినట్టు నల్లగా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కాలింది కదా, అదే మసి అనుకున్నాను. కొంత నిజమే అయినా, అక్కడి ఇసుకరాయి గాలికి, వానకి తనంతట తనే నల్లబడుతుందని తర్వాత తెలిసింది. పైకి చూస్తే చూరు చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. రాతి మనుషులు. మాట్టియెల్లి అనే ఇటలీ శిల్పి చేసిన 78 మంది పునీతులు, ఒక్కొక్కరు మనిషికి రెట్టింపు ఎత్తు. కింద నడిచేవాళ్ళ మీదికి ఏదో చెప్పబోతున్నట్టు వంగి, చేతులు చాచి. ఆ చీకట్లో నాకు భయమేసింది. లోపలికి వెళ్తే తెల్లటి సున్నం గోడలు, ఎత్తైన కిటికీలు, బోలెడు ఖాళీ. బయటి నలుపుకీ లోపలి తెలుపుకీ పొంతనే లేదు.

లూథర్ సీమ నడిమధ్యలో ఇంత పెద్ద కథోలిక గుడి ఎలా వచ్చిందో తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది. అక్కడో ముక్క ఇక్కడో ముక్క విని కలుపుకున్నాను. మూలం భక్తి కాదు, కిరీటం. సాక్సనీని ఏలిన ఫ్రెడరిక్ ఆగస్టస్‌కి (వట్టి చేతులతో గుర్రపు నాడాలు విరిచేవాడని చెప్పుకుంటారు, జనం పెట్టిన పేరు బలశాలి ఆగస్టస్) పోలండ్ రాజు కావాలని కోరిక పుట్టింది. పోలండ్‌లో రాజును ఎన్నుకుంటారు, కానీ ఆ రాజు కథోలికుడై ఉండాలి. ఈయన 1697లో మతం మార్చుకున్నాడు, అదే ఏడు పోలండ్ కిరీటం పెట్టుకున్నాడు. రోమ్ నుంచి విడిపోయిన లూథర్ సంస్కరణ ఉద్యమం పుట్టిన గడ్డను ఏలేవాడు రోమ్ వైపు వెళ్ళిపోతే సొంత జనానికి ఎలా ఉంటుంది? "నేను మారాను, మీరెవరూ మారక్కర్లేదు, మీ చర్చీలు మీవే" అని ఆయన రాతపూర్వకంగా హామీ ఇవ్వాల్సి వచ్చింది. అప్పట్నుంచి 1918లో రాజరికం పోయేదాకా, రెండు వందల ఏళ్ళకు పైగా, సాక్సనీలో రాజు ఆర్‌సీఎం, ప్రజలు లూథరన్.

నాకు ఆయనకన్నా ఆయన భార్య కథ ఎక్కువ పట్టుకుంది. క్రిస్టియానె ఎబర్‌హార్డినె. భర్త మారినా ఆమె మారలేదు. పోలండ్ వెళ్ళలేదు, కిరీటం పెట్టించుకోలేదు, రాణీ అనే బిరుదు మాత్రం మిగిలింది. ప్రెట్ష్ అనే ఊళ్ళో కోటలో విడిగా ఉండిపోయింది. కొడుకునైనా లూథరన్‌గా నిలుపుకుందామనుకుంది గానీ, అతన్ని తండ్రి ఇటలీ వైపు తిప్పించి 1712లో గుట్టుగా మార్పించాడు, ఆ సంగతి బయటపెట్టింది 1717లో. ఆమెను జనం సాక్సనీ ప్రార్థనా స్తంభం అని పిలుచుకున్నారు. 1727లో ఆమె పోతే లైప్‌జిగ్‌లో సంతాప సభకి సంగీతం కట్టింది పేరుమోసిన సంగీతకారుడు బాఖ్. ఈ కథ ఫోన్‌లో చెప్తే అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ నాన్నమ్మకి చెప్పు ఈ సంగతి" అంది. నాన్నమ్మ అప్పటికే పోయి ఆరేళ్ళు.

గుట్టుగా మారిన ఆ కొడుకే ఈ గుడి కట్టించింది. రాజుగారి పూజలు అప్పటిదాకా కోట దగ్గర పాత నాటకశాలను మార్చిన గుడిలో నడిచేవి. ఈలోగా ఊళ్ళో లూథరన్ పౌరులు తమ ఫ్రావెన్‌కిర్షెను పెద్ద రాతి గుమ్మటంతో లేపుతున్నారు, 1726లో మొదలై 1743లో పూర్తయింది. రాజు చూస్తూ ఊరుకుంటాడా! రోమ్ నుంచి గయెటానో కియావెరి అనే వాస్తుశిల్పిని పిలిపించి 1739లో పని మొదలెట్టించాడు. కియావెరి తనతో ఇటలీ మేస్త్రీలను, రాతిపనివాళ్ళను తెచ్చుకున్నాడు. నది ఒడ్డున వాళ్ళు వేసుకున్న గుడిసెలకు ఇటలీవాళ్ళ పల్లె అని పేరు పడింది. గుడిసెలు ఎప్పుడో పోయాయి గానీ అదే చోట అదే పేరుతో ఇప్పుడొక రెస్టారెంట్ ఉంది. కియావెరి పని పూర్తికాకముందే ఊరు వదిలి వెళ్ళిపోయాడు, మిగతాది స్థానికులు పూర్తి చేశారు. ఎదురుగా ఉన్న జ్వింగర్ మ్యూజియంలో బెలొట్టో అనే చిత్రకారుడు 1748లో వేసిన ఊరి బొమ్మ ఒకటి ఉంది, అందులో ఈ గుడి బురుజు చుట్టూ ఇంకా పరంజి కట్టి ఉంటుంది. ఆ బొమ్మ ముందు నేను ఎన్నిసార్లు నిలబడ్డానో. మన ఊళ్ళో సగం కట్టిన గుడి చూసినట్టే అనిపించేది.

1751 జూన్ 29న, పునీత పేతురు పౌలుల పండుగ నాడు, పోప్‌గారి రాయబారి వచ్చి అభిషేకం చేశాడు. ఆస్థాన విద్వాంసుడు హాస్సె కట్టిన కొత్త సంగీతం వాయించారు. చర్చిలో వాయించే పెద్ద గొట్టాల వాయిద్యం, ఆర్గన్, అప్పటికింకా సిద్ధం కాలేదు. పీఠం వెనక క్రీస్తు మోక్షారోహణ చిత్రం వేసే పని మెంగ్స్ అనే చిత్రకారుడికి ఇచ్చారు, ఆయన అది ముగించేసరికి పదేళ్ళు దాటిపోయింది. మన కాంట్రాక్టర్లను ఊరికే తిడతాం.

ఆర్గన్ సంగతి చెప్పకుండా వెళ్ళలేను. చేసినవాడు గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్. ఆయన చేసినవాటిలో ఇదే పెద్దది, ఇదే చివరిది. 1753లో పని మధ్యలోనే చనిపోతే శిష్యుడు హిల్డెబ్రాండ్ట్ 1755కి పూర్తి చేశాడు. దాదాపు మూడు వేల గొట్టాలు. ఈ సిల్బర్‌మన్ లూథరన్, ఫ్రావెన్‌కిర్షెకు కూడా ఆర్గన్ చేసింది ఆయనే. బాఖ్ కూడా లూథరనే, అయినా 1733లో కొత్త రాజుకి లాటిన్ పూజ సంగీతం రాసి పంపి ఆస్థాన బిరుదు ఇప్పించమని అడిగాడు. మూడేళ్ళకి ఇచ్చారు. పని దగ్గర, పాట దగ్గర వీళ్ళకి పెద్ద పట్టింపులు ఉన్నట్టు లేదు. నేను మాత్రం ఆర్గన్ వినడానికి వెళ్ళింది సంగీతం మీద ఇష్టంతో కాదు. మధ్యాహ్నం పూట టికెట్ లేకుండా వాయించేవాళ్ళు, నా గది కన్నా అక్కడ వెచ్చగా ఉండేది. ఆ చలికాలం మా హీటర్ రెండు వారాలు పనిచేయలేదు. వాయిద్యం మంద్ర స్థాయికి వెళ్ళినప్పుడు చెవికన్నా ముందు బెంచీలోంచి తొడలకు తెలిసేది.

అలా ఊరికే కూర్చుని చూస్తున్న రోజుల్లోనే ఒక సంగతి గమనించాను. మధ్య హాలుకీ పక్క నడవలకీ మధ్య, స్తంభాల వెనకాల, చుట్టూ తిరిగి రావడానికి ఒక దారి ఉంది. మామూలు చర్చీల్లో పక్క నడవ ఉంటుంది గానీ ఇది పూర్తిగా చుట్టు తిరుగుతుంది, గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ దారిలాగా. ఎందుకిలా అని అక్కడ సర్దుతున్న పెద్దాయన్ని అడిగాను. నా జర్మన్ అప్పటికి అంతంత మాత్రం, ఆయన ఓపిగ్గా చెప్పాడు. దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ, అంటే క్రీస్తు శరీరంగా ఆరాధించే అప్పాన్ని ఊరేగించడం, అప్పట్లో బయట వీధుల్లో చేయకూడదు. లూథరన్ ఊళ్ళో కథోలిక ఊరేగింపు బయటికొస్తే గొడవలవుతాయి, అందుకని అనుమతి లేదు. రాజుగారి గుడే, రాజుగారి డబ్బే, కట్టించినవాడు రాజే, అయినా గుమ్మం దాటడానికి లేదు. దాంతో కియావెరి వీధిని గుడిలోపలికే తెచ్చి పెట్టాడు.

ఆ రోజు ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. ఎందుకంటే మాకు ఊరేగింపు అంటే ఏమిటో తెలుసు. జులైలో ఫిరంగిపురంలో బాల యేసు తిరునాళ్ళు. పక్క ఊళ్ళ నుంచి జనం నడిచి వస్తారు, లైట్లు కట్టిన తేరు మీద బాల యేసు, ముందు బ్యాండు మేళం, వెనక కొవ్వొత్తులు, బూరల కుర్రాళ్ళు, జీళ్ళ కొట్లు, ఎవరింటి ముందుకి తేరు వస్తే వాళ్ళు నీళ్ళు చల్లి నిలబడతారు. హిందువులు నిలబడతారు, ముస్లింలు నిలబడతారు, మా అమ్మ కూడా తలమీద కొంగేసుకుని నిలబడేది, "నేను మొక్కట్లేదు, చూస్తున్నా" అంటూ. నాన్న అంతా విని "గుడి లోపల తిప్పుతారా? మరి జనం యాడ నిలబడతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

1806లో పోజెన్ ఒప్పందంతో సాక్సనీలో కథోలికులకు లూథరన్లతో సమాన హక్కులు వచ్చాయి. నెపోలియన్ పుణ్యమా అని. లోపలి దారి మాత్రం రాతితో కట్టింది కాబట్టి అలాగే ఉండిపోయింది.

2010 ఫిబ్రవరి 13 నా మొదటి చలికాలంలో వచ్చింది. ఆ తేదీ నాకు ముందు తెలియదు. మామూలుగా ఫిబ్రవరి రెండో వారం అంటే మా ఇంట్లో గుణదల మాత ఉత్సవాలు, తొమ్మిది నుంచి పదకొండు దాకా నాన్న కొండ మీదే. ఆయన ఫోన్‌లో ఇంకా ఆ గోలలోనే ఉన్నాడు, ఇక్కడ ఊరంతా మంచులో చేతులు పట్టుకుని గొలుసులాగా నిలబడింది, వేలమంది, నయా నాజీల ఊరేగింపును ఊళ్ళోకి రానివ్వకుండా. రాత్రి పావు తక్కువ పదికి అన్ని చర్చీల గంటలూ ఒక్కసారి మోగాయి. 1945లో ఊరి మీద బాంబులు పడిన రాత్రి ఆ వేళకే సైరన్ మోగిందట. ఆ బాంబు దాడుల్లో, తర్వాత చెలరేగిన మంటల్లో పాతిక వేలమంది దాకా పోయారని చరిత్రకారులు లెక్క తేల్చారు. నేను వంతెన మీద నిలబడి విన్నాను. కాళ్ళు మొద్దుబారుతున్నా కదలబుద్ధి కాలేదు.

హోఫ్‌కిర్షె కప్పు ఆ దాడిలో కూలిపోయింది. ఆర్గన్ గొట్టాలను 1944లోనే విప్పి ఒక కన్యాస్త్రీల మఠంలో దాచారు, అందుకని అవి మిగిలాయి, చెక్క చట్రం కాలిపోయింది. మెంగ్స్ చిత్రం కూడా దాచబట్టి దక్కింది. పెర్మోజర్ అనే శిల్పి 1722లో చెక్కిన ప్రసంగ వేదిక కూడా మనకి దక్కింది. తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. అదే ఊళ్ళో సోఫియా చర్చి శిథిలాన్ని అరవైల్లో పడగొట్టేశారు, పక్కనే కోట దశాబ్దాల పాటు మొండి గోడలతో నిలబడింది, ఫ్రావెన్‌కిర్షె రాళ్ళగుట్టగా ఉండిపోయి 2005లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. ఈ గుడిని మాత్రం కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటూ, ముందు ఒక పక్క నడవలో పూజలు మొదలెట్టి, అరవైల నాటికి మధ్య హాలు నిలబెట్టారు. 1971లో ఆర్గన్ మళ్ళీ మోగింది. మతం అక్కర్లేదన్న ప్రభుత్వం కింద, అంత కొద్దిమంది ఇది ఎలా చేశారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అది కథీడ్రల్ అయ్యింది కూడా ఆ రోజుల్లోనే. బిషప్‌గారి కుర్చీ ఎక్కడుంటే అదే కథీడ్రల్ కదా. మైసెన్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) చాలా పాతది, 968 నాటిది, సంస్కరణ కాలంలో మాయమైపోయి 1921లో మళ్ళీ పుట్టింది. కుర్చీ బౌట్‌జెన్ ఊళ్ళో పెట్టారు. 1980లో దాన్ని డ్రెస్డెన్‌కి మార్చి పేరు డ్రెస్డెన్-మైసెన్ చేశారు. రాజు లేని ఆస్థాన చర్చి అలా అరవై రెండేళ్ళకి బిషప్ గుడి అయింది. బౌట్‌జెన్‌లోని ఆ పాత గుడి కూడా చూశాను. అక్కడ కథోలికులు, లూథరన్లు ఐదొందల ఏళ్ళుగా ఒకే గుడిని పంచుకుంటున్నారు, మధ్యలో అడ్డంగా ఒక కటకటాల గోడ, ఇటు వీళ్ళ పూజ, అటు వాళ్ళ ఆరాధన. మా అమ్మానాన్నల పెళ్ళి చేయాల్సింది ఇక్కడ అనుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఇక 2011 ఫిబ్రవరి 5. ఆ శనివారం నేను లైబ్రరీకి పోవాల్సినవాణ్ణి, గుడిలో పరిచయమైన ఒక కేరళ సిస్టర్ రమ్మంటే వెళ్ళాను. ఫ్రెడరిక్‌స్టాట్‌లోని పాత కథోలిక శ్మశానం నుంచి మూడు అస్థికల పాత్రలను కథీడ్రల్‌కి తెస్తున్నారు. ముగ్గురూ డాహౌ నాజీ నిర్బంధ శిబిరంలో చనిపోయిన గురువులు, అంటే ఫాదర్లు. వాళ్ళలో అలోయిస్ ఆండ్రిట్స్కి ఇదే హోఫ్‌కిర్షెలో యువ గురువుగా పనిచేశాడు, పాట కుర్రాళ్ళను చూసుకునేవాడు. నాజీలకి వ్యతిరేకంగా మాట్లాడినందుకు పట్టుకెళ్ళారు. జబ్బుపడితే 1943 ఫిబ్రవరి 3న విషపు సూది వేసి చంపారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. సోర్బ్ జాతివాడు. జర్మనీలో చుట్టూ జర్మన్ భాష మధ్య తమ స్లావ్ భాషను కాపాడుకుంటూ వస్తున్న కొద్దిమంది వాళ్ళు. ఆ రోజు వాళ్ళ ఊళ్ళ నుంచి బామ్మలు నల్లటి సంప్రదాయ దుస్తుల్లో, తల గుడ్డలు కట్టుకుని వచ్చారు, వాళ్ళ భాషలోనే పాడారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వేరే భాష ఊళ్ళో సొంత భాషలో గొంతెత్తి పాడటం ఎలా ఉంటుందో మాత్రం అర్థమైంది.

ఊరేగింపు శ్మశానం నుంచి బయల్దేరి మామూలు వీధుల్లో నడిచింది. చలి, ఎక్కడో మిగిలిన మంచు, ముందు సిలువ, పాత్రలు, గురువులు, జనం. ట్రామ్ పట్టాల పక్క నుంచి, పార్కింగ్ చేసిన కార్ల పక్క నుంచి. బాల్కనీలోంచి ఒకాయన బనియన్ మీద కప్పు పట్టుకుని చూస్తున్నాడు. ఎవరూ అడ్డుకోలేదు, ఎవరూ నీళ్ళూ చల్లలేదు. గుడి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఆ లోపలి దారి గుర్తొచ్చింది. వీధిలో తిరగడానికి వీల్లేక లోపల దారి కట్టుకున్న గుడికి, వీధుల్లోంచి నడిచి వస్తున్నాడు ఆ కుర్రవాడు. నాన్నకి ఫోన్ చేసి చెప్పబోయాను. గొంతు పట్టేసింది, "బాగా చలిగా ఉంది నాన్నా" అని పెట్టేశాను. జూన్ 13న ఆండ్రిట్స్కిని ధన్యుడిగా (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించినప్పుడు కూడా వెళ్ళాను, పండుగే పండుగ, కానీ ఆ ఫిబ్రవరి నడకే మనసులో ఉండిపోయింది.

చదువయ్యాక అక్కడే చిప్‌ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. 2014లో అమ్మానాన్నలను మూడు వారాలకు రప్పించాను. వీసాకి పడ్డ తిప్పలు ఇంకో పోస్టు అవుతుంది, వదిలేద్దాం. అమ్మ మొదట ఫ్రావెన్‌కిర్షె అంది. బయట లూథర్ విగ్రహం చూడగానే చెప్పులు విడవబోయింది, ఆపాను. లోపల అరగంట కూర్చుంది. బయటికొచ్చి "ఇంత బంగారమేందిరా, మనోళ్ళ గుళ్ళు ఇట్టా ఉండవు గదా" అంది. నిజమే, లేత గులాబీ, పచ్చ రంగులు, బంగారు పూతల పీఠంతో కళకళలాడేది లూథరన్ గుడి, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది ఆర్‌సీఎం గుడి. అమ్మ లెక్క ప్రకారం అంతా తిరగబడింది.

అక్కడి నుంచి హోఫ్‌కిర్షెకి ఐదారు నిమిషాల నడక. నాన్నకి రాజుల సమాధులున్న నేలమాళిగ చూపించాను. బలశాలి ఆగస్టస్ గుండెను ఒక చిన్న పాత్రలో పెట్టి ఇక్కడ ఉంచారు, శరీరం పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉంది. అందమైన ఆడవాళ్ళు దగ్గరికొస్తే ఆ గుండె కొట్టుకుంటుందని ఊళ్ళో జోక్. నాన్నకి చెప్తే అమ్మ వైపు చూశాడు. అమ్మ "సచ్చినా బుద్ధి రాలేదా ఆయనకి" అంది. నాన్న ఎక్కువసేపు నిలబడింది జార్జ్ అనే యువరాజు దగ్గర. ఆఖరి రాజు పెద్దకొడుకు, 1918లో రాజ్యం పోయాక తన హక్కు వదులుకుని ఫాదర్ అయ్యాడు, యేసు సభలో (జెస్యూట్లలో) చేరాడు, 1943లో బెర్లిన్ దగ్గర సరస్సులో మునిగి చనిపోయాడు. "కిరీటం కోసం మారినోడు ఆ పక్కన, కిరీటం వద్దనుకున్నోడు ఈ పక్కన" అన్నాడు నాన్న. అంతకు మించి ఏమీ అనలేదు.

పైన ఒక పక్క గదిలో మైసెన్ పింగాణీతో చేసిన మరియమాత ఉంది, ఒడిలో చనిపోయిన కొడుకు. ఫ్రీడ్రిష్ ప్రెస్ అనే శిల్పి డెబ్బైల్లో చేశాడు, బాంబు దాడిలో పోయినవాళ్ళ కోసం. అందంగా ఉండదు, గాయంలాగా ఉంటుంది. అమ్మ విగ్రహాల దగ్గర మామూలుగా ఆగదు. దీని దగ్గర ఆగింది.

సాయంత్రం పూజలో జర్మన్ పరలోక జపం మొదలైంది. అక్కడ రెండు సంఘాలవాళ్ళూ 1970ల నుంచి ఒకే పాఠం చెప్తారు. నేను జర్మన్‌లో చెప్తున్నాను, ఎడమ పక్క నాన్న మెల్లగా "మీ నామము పూజింపబడును గాక", కుడి పక్క అమ్మ ఇంకా మెల్లగా "నీ నామము పరిశుద్ధపరచబడును గాక". ముందు వరుసలో ముసలావిడ వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

పూజ అయ్యాక జనం వెళ్ళిపోతున్నారు. నాన్నకి ఆ దారి చూపించాను, ఇదే ఫోన్‌లో చెప్పింది అని. ఆయన జేబులోంచి జపమాల తీశాడు, చెప్పులు బెంచీ కింద పెట్టాడు (ఈసారి ఆపలేదు), చేతులు వెనక్కి కట్టుకుని కాకుండా ముందుకు పట్టుకుని, తేరు ముందు నడిచినట్టే, మెల్లగా నడవడం మొదలెట్టాడు. స్తంభాల వెనక మాయమై మళ్ళీ కనిపించేవాడు. నేను ఫోటో తీశాను, వీపే వచ్చింది. నాన్న పోయి ఇప్పటికి నాలుగేళ్ళు, ఆ వీపు ఫోటో నా ఫోన్‌లో ఇంకా ఉంది.

అమ్మ మధ్య బెంచీలో కూర్చుని చూస్తోంది. అప్పుడు నాకు తట్టింది, ఊరేగింపు లోపల జరిగితే జనం నిలబడేది ఇక్కడే, అమ్మ కూర్చున్న చోటే. తలమీద కొంగు ఎప్పుడు వేసుకుందో వేసుకుంది. నాన్న ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా వేళ్ళు మడుస్తోంది.

"మూడయినాయిరా" అంది చివరికి. "ఇంకొకటి తిరిగితే చాలని చెప్పు. ఆకలేస్తోంది."